చెప్పేది పిల్లలు, రాసేది మీరు

ప్రశ్న: మాస్టారూ, నేను నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఏడో తరగతిలో 38 మంది పిల్లలు. ప్రశ్నకు జవాబు రాయమంటే గైడు చూసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు. సొంతంగా ఐదు వాక్యాలు రాయమంటే పెన్ను కదలదు. మొన్న 'మా ఊరు' గురించి రాయమంటే ముప్పై మందికి పైగా ఒకటే రాశారు: 'మా ఊరు చాలా అందమైనది. మా ఊరిలో బడి, గుడి, చెరువు ఉన్నాయి.' ఇద్దరు ముగ్గురికి గుణింతాలే సరిగ్గా రావు. నోటుబుక్కులు దిద్ది దిద్ది నాకు ఆదివారాలు లేకుండా పోయాయి, వాళ్ళ తప్పులు మాత్రం తగ్గలేదు. బళ్ళో చార్టులూ పుస్తకాలూ పెద్దగా లేవు. ఉన్నది 45 నిమిషాల పీరియడ్. ఏం చేయమంటారు?
— ఒక తెలుగు టీచరు

అమ్మా,

ముప్పై మంది పిల్లలు ముప్పై ఇళ్ళ నుంచి వచ్చి ఊరి గురించి ఒకటే మాట రాశారంటే, వాళ్ళకు ఊరు తెలియక కాదు. బళ్ళో ఊరి గురించి ఇలాగే రాయాలని ఒకటో తరగతి నుంచి మనమే నేర్పుకుంటూ వచ్చాం. కాబట్టి పిల్లల మీదా, మీ మీదా కోపం పెట్టుకోకండి. ఇది సరిచేయగలిగినదే. ఒక ఏడాది పడుతుంది, అంతే.

రాత పేరుతో మనం బళ్ళో మూడు పనులు చేయిస్తాం. చూచిరాతలో చేయి ఒక్కటే పని చేస్తుంది. ఉక్తలేఖనంలో చెవీ చేయీ పని చేస్తాయి. స్వీయరచనకు వచ్చేసరికి ఏం చెప్పాలో ఆలోచించాలి, ఏది ముందో ఏది వెనకో వరస పెట్టుకోవాలి, మాట వెతుక్కోవాలి, ఆ మాటకు వత్తు ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవాలి, అక్షరం గుండ్రంగా రావాలి. ఇవన్నీ ఒకేసారి జరగాలి. రెండో మెట్టు మీద ఉన్న పిల్లవాణ్ణి పదో మెట్టు ఎక్కమంటే ఏది చేతికందితే అది పట్టుకుంటాడు. గైడు అందింది, పట్టుకున్నాడు. మధ్యలో మెట్లు కట్టడమే మన పని.

గురునాథుడి కథ మన నెల్లూరు వాళ్ళకు కొత్త కాదు. తిక్కన సోమయాజి భారతంలో పదిహేను పర్వాలు నోటితో చెబుతుంటే గురునాథుడు రాసుకుంటూ పోయాడంటారు. ఒకచోట మాట తోచక 'ఏమి చెప్పుదుం గురునాథా' అని తిక్కన అంటే ఆయన దాన్నీ రాసేశాడట. సరళాదేశ సంధి (ముందు 'న్' ఉంటే 'క' కాస్తా 'గ' కావడం) పుణ్యమా అని అది 'కురునాథా', అంటే కురురాజా, అనే పిలుపై పద్యంలో చక్కగా ఒదిగిపోయిందని చెప్పుకుంటారు. కథలో నిజమెంతో పక్కన పెట్టండి. అంతటి మహాకవి విషయంలో కూడా చెప్పే పని ఒకరిది, రాసే పని మరొకరిది అనుకున్నారు కదా. మనం మాత్రం పన్నెండేళ్ళ పిల్లవాడి మీద రెండు పనులూ ఒక్కసారే మోపుతున్నాం.

అందుకే ముందు కొన్నాళ్ళు మీరు గురునాథుడవ్వండి. చెప్పేది పిల్లలు, రాసేది మీరు.

నేను ఇది నేర్చుకున్నది కావలి తట్టు ఒక సముద్రపు ఊళ్ళో. 'వర్షాకాలం' మీద రాయమంటే ఒక పిల్లవాడు పేరు, తేదీ రాసి కూర్చున్నాడు. పొద్దున్నుంచీ కళ్ళు మూతలు పడుతున్నాయి. రాత్రి నిద్రపోలేదా అని అడిగాను. వాళ్ళ నాయనతో రొయ్యల గుంట దగ్గర ఉన్నానన్నాడు. ఏం జరిగిందో చెప్పమని సుద్దముక్క తీసుకున్నాను. వాడు ఎలా చెప్పాడో అలాగే నల్లబల్ల మీద రాసుకుంటూ పోయాను.

'మా గుంట రెండెకరాలు సార్. రాత్రి కరెంటు పోయింది. మా నాయన లేచినాడు. నేనూ లేచినా. జనరేటర్ స్టార్ట్ కాలా. రొయ్యలు పైకి వచ్చేసినాయి. మా నాయన మా మామకు ఫోన్ చేసినాడు. తెల్లారే లోపల జనరేటర్ ఆన్ అయింది. కొన్ని చచ్చిపోయినాయి.'

తరగతి అంతా నిశ్శబ్దంగా చదివింది. ఆ ఊళ్ళో పిల్లలకు ఆ రాత్రి ఎలాంటిదో తెలుసు. రాత్రిపూట గుంట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు గాలికోసం పైకి తేలతాయి. పెట్టుబడంతా ఆ ఒక్క రాత్రిలో పోవచ్చు. ఇంత సంగతి గుండెలో పెట్టుకుని వచ్చిన పిల్లవాణ్ణి నేను వర్షాకాలం గురించి రాయమన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

తర్వాత జరిగింది వినండి. నిద్రలో ఉంటే కరెంటు పోయిన సంగతి ఎట్టా తెలిసిందిరా అని అడిగాను. 'చప్పుడు ఆగిపోయింది సార్. ఏరియేటర్ల చప్పుడు ఉంటే నిద్ర పడతాది. ఆగితే మెలకువ వస్తాది' అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, 'సార్, అది మొదట రాయండి' అంది. రెండెకరాల సంగతి చెరిపి ఆ మాట పైకి తెచ్చాను. ఇప్పుడు కథ 'చప్పుడు ఆగిపోయింది. నాకు మెలకువ వచ్చింది' అని మొదలైంది. ఏది ముందు పెట్టాలి, ఏది తీసేయాలి అన్న పాఠం ఆ పదిహేను నిమిషాల్లో తరగతి మొత్తానికి అందింది. ఎత్తుగడ, ముగింపు అంటూ వ్యాస లక్షణాలు నేను ఎన్నో ఏళ్ళు డిక్టేట్ చేశాను. అప్పుడు అందలేదు.

మీరు చేయాల్సిన పని కూడా ఇంతే. వారానికి ఒక పీరియడ్ దీనికి పెట్టండి. ఒక్కరి అనుభవం తీసుకోండి. వాళ్ళు చెప్పింది బల్ల మీద రాయండి. 'ఎట్టా తెలిసింది', 'ఏం వినపడింది', 'అప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు' లాంటి చిన్న ప్రశ్నలు నాలుగు అడగండి. వరస మార్చండి. అందరూ కలిసి గట్టిగా చదవండి. ఒక నెల పోయాక ఈ పనిని జతలకు అప్పగించండి. ఒకరు చెబితే పక్కవాళ్ళు రాయాలి, తర్వాత మారాలి. రాత బాగా వచ్చే పిల్లవాడి పక్కన మాట బాగా వచ్చే పిల్లవాణ్ణి కూర్చోబెట్టండి. ఈ ఇద్దరూ వేరు వేరుగా ఉంటారని, రెండో వాణ్ణి మనం ఇన్నాళ్ళూ మొద్దు అనుకున్నామని మీకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఏ విషయం ఇవ్వాలన్నది కూడా ముఖ్యమే. 'మా ఊరు' చాలా పెద్దది, పెద్దవాళ్ళకే చేతికి చిక్కదు. ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో నువ్వు భయపడే చోటు ఏది అని అడగండి. కోరిక తీరాలని చెరువులో రొట్టెలు మార్చుకునే మన నెల్లూరు 'రొట్టెల పండుగ' అని ఇస్తే బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, వేలాది భక్తులు అని గైడు మాటలే వస్తాయి. మీ ఇంట్లో ఎవరు ఏ రొట్టె పట్టుకున్నారు, ఆ రొట్టె ఇచ్చిన మనిషి ఎలా ఉన్నారు అని అడిగితే విద్యా రొట్టె కోసం తోపులాటలో తడిసిన లంగా, పెళ్ళి రొట్టె పట్టుకుని సిగ్గుపడిన అక్క వస్తారు. విషయం ఎంత చిన్నదైతే పిల్లవాడి దగ్గర అంత సరుకు ఉంటుంది.

ఇప్పుడు వ్యాకరణం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఉన్న మంచి పనిముట్టును మనం బిట్ల కోసం వాడి పారేస్తున్నాం. సామాన్య వాక్యాలిచ్చి సంక్లిష్ట వాక్యంగా మార్చమని పదో తరగతి దాకా అడుగుతూనే ఉంటాం. 'రాముడు అడవికి వెళ్ళాడు. రాముడు రాక్షసులను చంపాడు.' పిల్లవాడు 'వెళ్ళి' అని రాస్తాడు, మార్కు వేస్తాం, అక్కడికి అయిపోతుంది. అదే పనిని వాళ్ళ సొంత వాక్యాలతో చేయించండి. నా పిల్లవాడి కథలోంచే 'కరెంటు పోయింది. మా నాయన లేచాడు' అన్న రెండు వాక్యాలు తీసుకుని, వీటిని ఎన్ని రకాలుగా కలపగలరో చూద్దాం అన్నాను. కరెంటు పోగానే మా నాయన లేచాడు. కరెంటు పోయేసరికి మా నాయన లేచి ఉన్నాడు. కరెంటు పోయిందని మా నాయన లేచాడు. కరెంటు పోయినా మా నాయన లేవలేదు. కరెంటు పోకముందే మా నాయన లేచాడు. ఒక్కో దానికి కథ మారిపోతోంది. 'పోగానే' అన్న నాయన నిద్రలో కూడా చెవి గుంట మీదే పెట్టుకున్న మనిషి. 'పోయినా లేవలేదు' అన్న నాయన బాగా అలిసిపోయిన మనిషి. చిన్న ప్రత్యయంతో మనిషే మారిపోతాడని పిల్లలకు అర్థమైన రోజు, తరగతిలో కేకలే కేకలు.

ఆ రోజే ఒకడు మంచి ప్రశ్న వేశాడు. క్త్వార్థకం, అంటే 'వెళ్ళి', 'లేచి' లాంటి మాట, వాడాలంటే రెండు పనులకూ కర్త ఒకరే ఉండాలన్నారు కదా సార్, మరి 'వాన పడి గుంట నిండింది' అంటాం కదా, పడింది వాన, నిండింది గుంట కదా అన్నాడు. నిజమే. ఒకటి కారణమై రెండోది దానంతటదే జరిగినప్పుడు తెలుగు అలా అననిస్తుంది. 'నాన్న వచ్చి నేను లేచాను' అంటే మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. సూత్రం బట్టీ పట్టిన పిల్లవాడికి ఈ ప్రశ్న రాదు. వాక్యాలతో ఆడుకున్నవాడికే వస్తుంది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకండి. 2007లో అమెరికాలో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ అనే ఇద్దరు పరిశోధకులు 4 నుంచి 12వ తరగతి పిల్లలకు రాత నేర్పే పద్ధతుల మీద అంతకుముందు జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. వ్యాకరణాన్ని విడిగా సూత్రాలుగా చెప్పిన చోట రాత బాగుపడలేదు. వాక్యాలు కలిపే అభ్యాసం చేయించిన చోట బాగుపడింది. ఎలా ఆలోచించి రాయాలో, ఎలా తిరగరాయాలో దగ్గరుండి చూపించిన చోట ఇంకా బాగా వచ్చింది. 'పోయి', 'పోగానే', 'పోయినా' లాంటి అసమాపక క్రియలు ఇన్ని ఉన్న తెలుగులో వాక్యాలు కలిపే ఆటకు ఇంకా ఎక్కువ చోటుంది.

ఇంటి మాట సంగతి మీరు అడగలేదు, కానీ రేపే మీకు ఎదురవుతుంది. 'ఉండాది', 'లేచినా', 'యాడికి', 'ఎట్టా' అని పిల్లలు రాస్తారు. మొదటి రాతలో వాటిని కొట్టేయకండి. కొట్టేశారో, పిల్లవాడు మళ్ళీ గైడు భాషలోకి పారిపోతాడు. నేను బల్లను నిలువుగా రెండు చేసి ఒకవైపు ఇంటి మాట, ఒకవైపు బడి మాట అని రాసేవాణ్ణి. తప్పు, ఒప్పు అని రాయలేదు. పరీక్షలో బడి మాట రాయాలి, అది వాళ్ళకు నేర్పాల్సిందే. కథలో మనుషులు మాట్లాడుకునే చోట ఇంటి మాటే ఉండాలి. ఏటా ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి గారి ఫోటోకు దండ వేస్తాం. జనం మాట్లాడే తెలుగును పుస్తకాల్లోకి తేవాలని పోరాడిన మనిషి ఆయన. ఆ సాయంత్రమే పిల్లవాడి 'ఉండాది' మీద ఎర్రగీత పెట్టడం నా మనసుకు ఎప్పుడూ ఒప్పలేదు. మీ బళ్ళో యానాది గిరిజనుల పిల్లలు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. వాళ్ళ మాట విని తోటి పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఒక్కసారి వినబడితే ఆ పిల్ల ఏడాదంతా నోరు విప్పదు. నోరు విప్పని పిల్ల రాయదు కూడా. మొదటి రోజే, మీ ఎదుటే, గట్టిగా ఆపండి.

గుణింతాలు రాని ఇద్దరు ముగ్గురికి అ ఆల నుంచి మళ్ళీ మొదలుపెట్టకండి, ఏడో తరగతి పిల్లలకు అది అవమానం. నీకు కావాల్సిన మాట ఒకటి చెప్పు అని అడిగి, దాన్ని అట్టముక్క మీద పెద్దగా రాసి ఇవ్వండి. వల, బోటు, అమ్మమ్మ, ధోనీ, ఏదైనా సరే. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా యాష్టన్-వార్నర్ ఇదే దారిలో నడిచింది. పిల్లవాడు ప్రేమించే మాట, భయపడే మాట ముందు నేర్పితే అక్షరాలు వాటి వెంట వస్తాయని ఆమె నమ్మకం. నా అనుభవంలోనూ అది నిజమే. అట్టలకు ఖర్చెందుకు, శుభలేఖల వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. మాఘమాసం పోయాక ఊళ్ళో అడిగితే సంచీడు ఇస్తారు.

వీళ్ళకు ఇంకో సాయం పలక. నేను కొన్నాళ్ళు ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో పనిచేశాను. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం మాది, ఇప్పుడు హైస్కూల్లో పలక పెడితే నామోషీ అనుకుంటారు. అయినా నేను వాడాను. కాగితం మీద తప్పు అలాగే ఉండిపోయి పిల్లవాణ్ణి వెక్కిరిస్తుంది. పలక మీద తప్పు అరచేత్తో తుడిస్తే పోతుంది. పెన్ను పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోయే ఒక అమ్మాయి పలక మీద మూడు వాక్యాలు రాసి, తుడిచేసి, మళ్ళీ రాసి, తనకు నచ్చాకే నోటుబుక్కులో ఎక్కించుకునేది. నచ్చే దాకా ఎవరికీ చూపించేది కాదు, నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఇక మీ ఆదివారాలు. అన్ని తప్పులూ దిద్దడం మానేయండి. నిండా ఎర్రసిరా ఉన్న పేజీని ఏ పిల్లవాడూ చదవడు, పేజీ తిప్పేస్తాడు. ఈ వారం నేను వత్తులు మాత్రమే చూస్తాను అని ముందే చెప్పండి. వచ్చే వారం ల, ళ. ఆ పై వారం వాక్యం చివర క్రియ కర్తతో కలిసిందా లేదా. తప్పున్న వరుస పక్కన చుక్క పెట్టి వదిలేయండి, తప్పెక్కడో వాడే వెతుక్కోవాలి. కింద 'బాగుంది', 'గుడ్' రాసే బదులు మీకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి రాయండి. 'చివరికి జనరేటర్ ఎవరు ఆన్ చేశారు?' అని నేను రాస్తే మర్నాడు వాడు అడక్కుండానే అరపేజీ రాసుకొచ్చాడు. ఇలాగైతే రోజుకు ఎనిమిది పుస్తకాలు చూస్తే ఐదు రోజుల్లో మీ 38 మందీ అయిపోతారు. తనిఖీకి వచ్చేవాళ్ళు ఏమంటారోనని మీకు టెన్షన్ ఉంటుంది, నాకూ ఉండేది. రఫ్ నోటు ఒకటి, ఫెయిర్ నోటు ఒకటి పెట్టించండి. ఎలా దిద్దుతున్నారో హెడ్మాస్టరు గారికి ముందే కూర్చుని వివరించండి. ఒకే పిల్లవాడి జూన్ పేజీ, నవంబర్ పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంత పట్టుదల మనిషైనా మెత్తబడతారు.

గైడును నిషేధించకండి, దాచుకుని చదువుతారు. దాన్నే తరగతిలోకి తెప్పించి 'మా ఊరు' వ్యాసం చదివించి, ఇందులో మన ఊళ్ళో లేనివి ఎన్ని, మన ఊళ్ళో ఉండి ఇందులో లేనివి ఎన్ని అని అడగండి. లేఖ, కరపత్రం, సంభాషణ లాంటి పరీక్ష రూపాలు పదో తరగతిలో నేర్పడానికి కొన్ని వారాలు చాలు. చెప్పడానికి మాట ఉన్నవాడికి రూపం త్వరగా పట్టుబడుతుంది.

రాసింది చదివే మనిషి ఒకరు ఉండాలి, మీరు కాకుండా. ఫ్రాన్స్‌లో సెలెస్టాన్ ఫ్రెనే అనే పల్లెటూరి బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, తరగతిలో గంటల తరబడి మాట్లాడే ఓపిక లేక పిల్లల్ని బయట తిప్పుకొచ్చేవాడు. తిరిగొచ్చాక వాళ్ళు చెప్పింది, రాసింది తరగతిలోనే చిన్న అచ్చుయంత్రం మీద పిల్లలచేతే అచ్చు వేయించి దూరపు బడికి పోస్టులో పంపించేవాడు. అవతలి పిల్లలు జవాబు రాసేవాళ్ళు. మీకు అచ్చుయంత్రం అక్కర్లేదు. పాత క్యాలెండర్ వెనక గోడపత్రిక పెట్టండి. ఉదయగిరి తట్టు హైస్కూల్లో పనిచేసే మీ బ్యాచ్ టీచరు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఆ తరగతితో ఉత్తరాలు మొదలుపెట్టండి. రొయ్యల గుంట ఎప్పుడూ చూడని పిల్లలకు ఏరియేటర్ అంటే ఏమిటో మీవాళ్ళు వివరించాల్సి వస్తుంది. అక్కడ పేరున్న చెక్క గరిటె ఎలా చెక్కుతారో వాళ్ళు వీళ్ళకు చెప్పాల్సి వస్తుంది. అక్కడ 'మా ఊరు చాలా అందమైనది' అంటే సరిపోదు, అవతలివాళ్ళు తిరిగి అడుగుతారు.

సోమవారం నుంచే మొదలుపెట్టండి. మొదటి పదిహేను నిమిషాలు పిల్లల చేత ఏమీ రాయించకండి, మీరే వాళ్ళ ముందు బల్ల మీద రాయండి. మీరు బళ్ళో చేరిన మొదటి రోజు బస్సు దిగి ఏ దారిన వచ్చారో, ఎవర్ని అడిగారో, ఏం భయపడ్డారో ఒక ఐదు వాక్యాలు. ఇంట్లో ముందే రాసుకుని వెళ్ళకండి. రాస్తూ ఆగండి, పైకి ఆలోచించండి, మాట నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాళ్ళతో చెప్పండి. మనం రాసేది పుస్తకంలో అచ్చయినట్టు తిన్నగా వచ్చేస్తుందని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్ళు తడుముకుంటూ రాయడం వాళ్ళెప్పుడూ చూడలేదు. డస్టర్ మాత్రం టేబుల్ మీదే వదిలేయండి. మార్చాల్సిన మాట మీద అడ్డగీత గీసి పక్కన కొత్త మాట రాయండి, కొట్టేసిన మాట వెనక బెంచీకి కూడా కనబడాలి.